ఎవరి సర్వర్ వారిది.. మాట కలిసేదెక్కడ?

ఒకే యజమాని గుప్పిట్లో ఉన్న సోషల్ మీడియా వద్దనుకున్నవాళ్లు వేలాది చిన్న వేదికలు కట్టుకున్నారు. అక్కడ కమ్యూనిస్టులున్నారు, ట్రంప్ అభిమానులున్నారు, బిట్‌కాయిన్‌ను నమ్ముకున్నవాళ్లున్నారు, ప్రభుత్వాలూ ఉన్నాయి. అన్ని రాజకీయాలూ ఉన్న ఆ లోకంలో ఒకరి మాట మరొకరికి వినిపిస్తోందా?

1936 జూన్ 13. జర్మనీలోని హాంబర్గ్ రేవు కోలాహలంగా ఉంది. బ్లోమ్ అండ్ ఫాస్ ఓడల కర్మాగారంలో తయారైన కొత్త శిక్షణ నౌక ఆ రోజే నీళ్లలోకి దిగుతోంది. చూడ్డానికి హిట్లరే వచ్చాడు. ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డ కార్మికులంతా కుడిచేతిని ముందుకు చాచి నాజీ వందనం చేస్తున్నారు. ఆ గుంపులో ఒక్కడు మాత్రం రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని నిలబడ్డాడు. ముఖం చిట్లించుకుని ఉన్నాడు. చుట్టూ ఎటు చూసినా చాచిన చేతులే. ఎవరో ఫొటో తీశారు.

1991లో ఒక జర్మన్ పత్రికలో అచ్చయ్యాక ఆ ఫొటో ప్రసిద్ధమైంది. అతను ఆగస్ట్ లాండ్‌మెసర్ అని, యూదు యువతిని ప్రేమించినందుకు జైలుపాలయ్యాడని ఒక కుటుంబం గుర్తుపట్టింది. కాదు, మా ఇంటి మనిషే అని మరో కుటుంబం అంటోంది. ఎవరైతేనేం, నలుగురూ చెయ్యి చాచినప్పుడు చెయ్యి కట్టుకుని నిలబడే హక్కుకు ఆ ఫొటో గుర్తుగా నిలిచిపోయింది.

ఆ ఫొటో తీసిన ఎనభై మూడేళ్ల తరవాత దాని మీద మన దేశంలో గొడవ జరిగింది. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే దాన్ని తన ట్విటర్ ఖాతాలో కవర్ ఫొటోగా పెట్టుకున్నారు. 2019 అక్టోబరు చివర్లో ట్విటర్ ఆ ఖాతాను ఆపేసింది. విద్వేష చిత్రం అన్నది కంపెనీ చెప్పిన కారణం. నాజీలకు తల వంచని మనిషి బొమ్మ నాజీ బొమ్మల లెక్కలో పడిపోయింది. ఖాతా తిరిగి ఇచ్చినట్టే ఇచ్చి, హిందీ కవి గోరఖ్ పాండే కవితను పంచుకున్న పాత పోస్టు ఒకటి పట్టుకుని మళ్లీ మూసేశారు. హెగ్డే లీగల్ నోటీసు ఇచ్చి, ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో ఫిర్యాదు పైకొచ్చింది. సీనియర్ పాత్రికేయుడు దిలీప్ మండల్ ఖాతాపై ఆంక్షలు పెట్టడంతో, అసలు ఖాతా అని గుర్తించి ట్విటర్ ఇచ్చే నీలి టిక్కుల్లో కులవివక్ష ఉందంటూ దళిత బహుజనులు గొంతెత్తారు. రెండు కోపాలూ కలవడంతో నవంబరు మొదటి వారంలో వేలాదిమంది భారతీయులు అప్పటిదాకా పేరైనా వినని ‘మాస్టోడాన్’ అనే చోటికి తరలిపోయారు. దానికి యజమాని ఒకడు కాడు, ఎవరైనా తమ సర్వర్ తామే పెట్టుకోవచ్చు అన్నది వాళ్లను లాగిన మాట.

చాలామంది కొద్ది వారాల్లోనే వెనక్కి వచ్చేశారు. కానీ వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది చిన్న విషయం కాదు. ఎవరి మాట వినిపించాలో ఎక్కడో కూర్చున్న కంపెనీ కాకుండా జనమే తేల్చుకుంటే, మనకు భిన్నమైన మాట ఎక్కువ వినిపిస్తుందా, తక్కువ వినిపిస్తుందా? తెలుగు రాష్ట్రాల్లో రాజకీయాలు ఫోన్‌లోనే నడుస్తున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న మనకూ కావలసిందే. అమరావతి రైతు ఫోన్‌లో కనిపించిన ఆంధ్రప్రదేశ్ వేరు, మూడు రాజధానులు కావాలన్నవారి ఫోన్‌లో కనిపించిన ఆంధ్రప్రదేశ్ వేరు. ఒకే వీధిలో ఉంటున్నా రెండు వాట్సాప్ గ్రూపుల మధ్య మాటలుండవు.

ఈమెయిల్ లాంటిదే

జీమెయిల్ ఉన్నవాళ్లు యాహూ ఉన్నవాళ్లకు ఉత్తరం రాయగలరు. రెండు కంపెనీలు వేరైనా ఉత్తరం అందించే పద్ధతి ఒకటే కాబట్టి. మాస్టోడాన్ కూడా అంతే. జర్మనీలోని జేనా విశ్వవిద్యాలయంలో చదువుకున్న యూజెన్ రోచ్కో 2016లో దాన్ని విడుదల చేశారు. ఎవరి సర్వర్‌లో వాళ్లు ఖాతా తెరుచుకుంటారు, మిగతా సర్వర్లలోని వాళ్లను ఫాలో అవుతారు. ఈ సర్వర్ల మధ్య రాకపోకలకు వాడే ‘యాక్టివిటీపబ్’ పద్ధతిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించింది. రెడిట్‌ను పోలిన లెమ్మీ, ఇన్‌స్టాగ్రామ్‌ను పోలిన పిక్సెల్‌ఫెడ్, యూట్యూబ్‌ను పోలిన పీర్‌ట్యూబ్ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తాయి. అన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటున్నారు.

2022 అక్టోబరు 27న ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను కొనేశారు. అప్పటికి నెలకు 3 లక్షలమంది వాడుతున్న మాస్టోడాన్, నవంబరుకల్లా 25 లక్షలకు చేరింది. డిసెంబరులో ట్విటర్ మాస్టోడాన్ ఖాతాను మూసేసి, దాని లింకులు ఇవ్వకుండా కొన్నాళ్లు అడ్డుకుంది కూడా.

యజమాని మనవాడైతే సరిపోతుందనుకోవడానికీ లేదు. 2021లో రైతుల ఉద్యమం మీద పోస్టుల విషయంలో ప్రభుత్వానికీ ట్విటర్‌కూ చెడినప్పుడు కేంద్ర మంత్రులు బెంగళూరు కంపెనీ ‘కూ’కు వెళ్లారు. అందులో తెలుగు కూడా ఉండేది. నచ్చి రాసుకున్నవాళ్లున్నారు. డబ్బు చాలక 2024 జులైలో కంపెనీ మూతపడింది. దాంతో ఆ వేదికే లేకుండా పోయింది.

> ఏది ఎవరిది?
>
> మాస్టోడాన్: 2016లో మొదలు. వేల సర్వర్లు. విరాళాలతో నడుస్తుంది. యాజమాన్యాన్ని లాభాపేక్ష లేని సంస్థకు అప్పగిస్తున్నట్టు 2025 జనవరిలో ప్రకటించారు.
>
> లెమ్మీ: 2019లో మొదలు. చర్చలు అంశాలవారీగా సాగుతాయి. 2023 జూన్‌లో రెడిట్ మీద వాడకందారులు తిరగబడినప్పుడు పెరిగింది.
>
> బ్లూస్కై: ట్విటర్ సహవ్యవస్థాపకుడు జాక్ డోర్సీ 2019లో ప్రకటించిన ప్రాజెక్టు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరిచారు. పద్ధతి వేరు, పేరు ఏటీ ప్రోటోకాల్. ఇది కంపెనీయే, కానీ ఇతరులూ సర్వర్లు, ఫీడ్లు పెట్టుకోవచ్చు.
>
> నోస్టర్: 2020లో మారుపేరుతో పనిచేసే బ్రెజిల్ ప్రోగ్రామర్ తయారుచేశారు. బిట్‌కాయిన్ అభిమానులు ఎక్కువ.
>
> థ్రెడ్స్: మెటా కంపెనీది, 2023 జులైలో వచ్చింది. ఫెడివర్స్‌తో కొంతవరకే కలుస్తుంది. దాన్ని రానివ్వబోమని వందలాది సర్వర్లు ముందే ప్రకటించాయి.

మనవాళ్లు అప్పుడే చూశారు

యజమాని లేని వేదిక తెలుగువాళ్లకు కొత్త కాదు. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన యూజ్‌నెట్ కూడా ఇలాంటిదే. ఒక యూనివర్సిటీ కంప్యూటర్ తన దగ్గరికి వచ్చిన సందేశాలను పక్క యూనివర్సిటీకి అందించేది. 1990ల్లో అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన తెలుగు కుర్రాళ్లు అందులో ‘సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు’ అనే చర్చావేదికలో కలుసుకునేవాళ్లు. తెర మీద తెలుగు లిపి రాని రోజులు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. సాహిత్యం, సినిమా, కులం, మతం, రాజకీయం అన్నీ అక్కడే తెగేదాకా లాగేవారు.

అక్కడ గమనించాల్సింది ఒకటుంది. గుంపు ఒక్కటే కాబట్టి మనకు గిట్టనివాడి ఉత్తరం కూడా కంట పడేది. వద్దనుకుంటే ఆ పేరును తన కంప్యూటర్‌లో ‘కిల్ ఫైల్’లో పెట్టుకోవచ్చు. అది నా కంటికి మాత్రమే అడ్డు, పక్కవాడు చదువుకోవచ్చు. ఆ ఏర్పాటు కూలడానికి రాజకీయాలు కారణం కాలేదు. 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది చర్చావేదికల్లో ఒకేసారి కుమ్మరించారు. ఆ తరవాత వ్యాపార చెత్త ఆగలేదు. కాపలా లేని చోట మంచి చర్చ మిగలదని ఆ తరం అనుభవం మీద తెలుసుకుంది.

ఒకే కోడ్, రెండు శిబిరాలు

మాస్టోడాన్ ప్రోగ్రామ్ ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఒకటే షరతు: మార్చిన ప్రోగ్రామ్‌ను కూడా అందరికీ చూపించాలి. నియంత్రణల్లేని మాటకు పెట్టింది పేరని చెప్పుకునే ‘గ్యాబ్’ 2019 జులైలో ఈ ప్రోగ్రామ్‌నే తీసుకుంది. అంతకు ముందు ఏడాది పిట్స్‌బర్గ్‌లోని యూదుల ప్రార్థనాలయంలో 11 మందిని కాల్చి చంపినవాడు తన విద్వేషాన్ని రాసుకున్న చోటు గ్యాబే. మాస్టోడాన్ తయారీదారులు వాళ్లను చట్టప్రకారం ఆపలేకపోయారు. ఆపింది మిగతా సర్వర్ల నిర్వాహకులు. ఒకరి తరవాత ఒకరు గ్యాబ్‌తో రాకపోకలు తెంచుకున్నారు. కొన్ని ఫోన్ యాప్‌లు దాన్ని తెరవడానికే ఒప్పుకోలేదు. ఏడాది తిరిగేసరికి గ్యాబ్ ఈ అనుసంధానాన్నే వదిలేసింది.

డొనాల్డ్ ట్రంప్ ‘ట్రూత్ సోషల్’ది కూడా ఇదే పునాది. 2021 అక్టోబరులో దాని పరీక్షా రూపం బయటపడగానే, ఇది మా ప్రోగ్రామే, లైసెన్సు ప్రకారం కోడ్ చూపించమని మాస్టోడాన్ అడిగింది. తరవాత వాళ్లు కోడ్ పెట్టారు. కానీ బయటి సర్వర్లతో కలవలేదు. మాస్టోడాన్‌లోని వామపక్షం, ట్రంప్ శిబిరం ఒకే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తూ ఒకరి మాట ఒకరికి చేరని స్థితి ఇది. వికేంద్రీకరిస్తే భిన్నాభిప్రాయం దానంతటదే పారుతుందని ఆశపడ్డవాళ్లు ఈ ఉదంతాన్ని తప్పక చూడాలి.

గ్యాబ్‌ను వెలివేయడం నా దృష్టిలో సరైనదే. హత్యను సమర్థించే మాటకు చోటివ్వడం అభిప్రాయ వైవిధ్యం కాదు. చిక్కల్లా దాని తరవాతి మెట్టు దగ్గర వస్తుంది. 2022 నవంబరులో పాత్రికేయుల కోసమే ఒక సర్వర్ పెట్టారు. ట్రాన్స్‌జెండర్ పిల్లల వైద్యం మీద న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనాన్ని ఒకరు అక్కడ పంచుకున్నారు. దాని మీద వాదన ముదిరి ఆ సర్వర్‌లోనే ఖాతాలు ఆగాయి. బయటి సర్వర్లు కొన్ని ఆ మొత్తం సర్వర్‌నే తెంచేసుకున్నాయి. ఆ గొడవతో ఏ సంబంధమూ లేని విలేకరులు కూడా రాత్రికి రాత్రి తమ పాఠకులను పోగొట్టుకున్నారు. ఒక సర్వర్‌లో ఒకరు అన్న మాటకు మిగతావాళ్లంతా శిక్ష మోయడం అన్యాయం. దాన్ని అన్యాయమనే చెప్పాలి.

తలుపు మీద రాసిన కారణం

మాస్టోడాన్ సర్వర్ దేనికైనా ‘గురించి’ అనే పేజీ ఉంటుంది. ఖాతా తెరిచేవాళ్లలో ఎక్కువమంది దాన్ని దాటేసి పోతారు. ఆగి చదవాల్సిన పేజీ అది. పైన నిర్వాహకుడెవరో, ఎలా కలవాలో ఉంటుంది. తరవాత 1, 2, 3 అంకెలు వేసి నియమాలు: జాతి విద్వేషం కుదరదు, వేధింపు కుదరదు, ఫలానా భాషలో రాయాలి వగైరా. ఇంకా కిందికి వెళ్తే, బయట పెట్టడానికి ఇష్టపడ్డ సర్వర్లలో, ఎవరెవరిని దూరం పెట్టారో ఆ పట్టిక కనిపిస్తుంది. ఎడమ పక్కన అవతలి సర్వర్ చిరునామా. కొన్నిటికి మధ్య అక్షరాల బదులు నక్షత్రాల గుర్తులు, ఎవరూ నేరుగా వెతుక్కుంటూ పోకుండా. ఎదురుగా ‘పరిమితం’ అనో ‘నిలిపివేత’ అనో తీర్పు. పరిమితం అంటే మనం కోరి ఫాలో అయితేనే కనిపిస్తారు. నిలిపివేత అంటే రాకపోకలే ఉండవు. పక్కన కారణం: విద్వేష ప్రసంగం, వ్యాపార చెత్త, వేధింపు.

లెమ్మీలో ఇంకో అడుగు ముందుకు వేశారు. ఏ మోడరేటర్, అంటే కాపలాదారు, ఏ పోస్టు తీసేశాడో, ఏ కారణం రాశాడో చూపించే చిట్టా అందరికీ తెరిచే ఉంటుంది. లెమ్మీని తయారుచేసిన ఇద్దరు ప్రోగ్రామర్లు తమ వామపక్ష రాజకీయాన్ని దాచుకోరు. వాళ్లు నడిపే సర్వర్‌లో చైనా, రష్యా ప్రభుత్వాల మీద విమర్శలు తీసేస్తున్నారని మిగతా సర్వర్లవాళ్ల ఫిర్యాదు. నిజమో కాదో చిట్టా తెరిచి చూసుకోవచ్చు. నచ్చకపోతే అదే ప్రోగ్రామ్‌తో ఇంకో సర్వర్ పెట్టుకోవచ్చు. పెట్టుకున్నారు కూడా. అందుకే ఉక్రెయిన్ యుద్ధ వార్త ఒకటే అయినా దాని కింద వ్యాఖ్యలు ఒక సర్వర్‌లో ఒకలా, ఇంకో సర్వర్‌లో దానికి పూర్తి విరుద్ధంగా ఉంటాయి. రెండూ చదివే ఓపిక ఉన్నవారికి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం.

ఈ లోకం గురించి నాకు తోచిన అసలు విషయం ఇదే. అడ్డుగోడలు ఇక్కడా ఉన్నాయి, నిజానికి ఎక్కువే ఉన్నాయి. ఫేస్‌బుక్‌లోనో, ఎక్స్‌గా పేరు మారిన ట్విటర్‌లోనో మనకు ఏది చూపించారో, ఏది దాచారో, ఎందుకో ఎప్పటికీ తెలియదు. ఇక్కడ గోడ ఎవరు కట్టారో రాసి ఉంటుంది. రాసిన కారణంతో వాదించవచ్చు. వాదన నెగ్గకపోతే మన ఫాలోయర్లను వెంటబెట్టుకుని ఇంకో సర్వర్‌కు మారవచ్చు. మాస్టోడాన్‌లో అందుకు ప్రత్యేక ఏర్పాటే ఉంది.

ఆంధ్రా అల్లుడికి ఎదురైంది

2025 జూన్ 18. అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ బ్లూస్కైలో ఖాతా తెరిచారు. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మూలాలున్న ఉషా చిలుకూరి భర్తగా మన పత్రికలకు ఆయన బాగా పరిచయం. అంతకు ఏడు నెలల ముందు, 2024 నవంబరులో ట్రంప్ గెలిచిన రోజుల్లో, ఎక్స్‌ను వదిలేసిన ట్రంప్ వ్యతిరేకులు లక్షల్లో బ్లూస్కైకి చేరారు. ఆ నెలలోనే సభ్యుల సంఖ్య 2 కోట్లు దాటింది. వాన్స్ అడుగుపెట్టింది తనను ఇష్టపడని జనం మధ్యకి. రాసిన మొదటి పోస్టుల్లోనే, పిల్లలకు లింగమార్పిడి చికిత్సల మీద టెనెసీ రాష్ట్రం పెట్టిన నిషేధాన్ని సుప్రీంకోర్టు సమర్థించిన తీర్పు గురించి ప్రస్తావించారు.

నిమిషాల్లో ఖాతా ఆగిపోయింది. ప్రముఖుల పేరుతో మోసం చేసేవాళ్లను పట్టుకునే యంత్రం పొరబడిందని కంపెనీ చెప్పి, వెంటనే పునరుద్ధరించి, అసలు ఖాతాయేనని గుర్తు కూడా వేసింది. అప్పుడు జనం తమ పని మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే బ్లూస్కైలో అత్యధికులు బ్లాక్ చేసిన ఖాతా ఆయనదే అయింది.

ఎవరిని వినాలో, వద్దో ఎవరికి వారు తేల్చుకోవచ్చన్నది బ్లూస్కై గొప్పగా చెప్పుకునే సంగతి. ఫీడ్ మనమే ఎంచుకోవచ్చు. ఒక్క నొక్కుతో వేలాది ఖాతాలను ఆపే బ్లాక్ జాబితాలకు చందాదారులం కావచ్చు. ఇంత స్వేచ్ఛ ఇస్తే అంతమందీ ఒకే మనిషిని తీసేసుకున్నారు. అది వాళ్ల హక్కు. కంపెనీ ఆయన్ను వెళ్లగొట్టలేదు, చదవాలనుకున్నవాళ్లు చదువుకుంటూనే ఉన్నారు. కానీ ఎవరో తయారుచేసిన జాబితాను తెరిచి చూడకుండా నొక్కేవాళ్లు తమ చెవులను ఇంకొకరికి అప్పగిస్తున్నారు. ఆ జాబితాలో ఎవరెవరున్నారో ఒక్కసారైనా చదవాలి.

వెళ్లిన చోటా అదే బాధ

2022 చివర్లో ట్విటర్ నుంచి మాస్టోడాన్‌కు వెళ్లిన నల్లజాతి అమెరికన్లకు చేదు అనుభవం ఎదురైంది. మాస్టోడాన్‌లో పోస్టు ముందు హెచ్చరిక పెట్టే సదుపాయం ఉంది. హింస, సినిమా గుట్టు వంటివాటికి వాడతారు. తమకు ఎదురైన జాతివివక్ష గురించి రాసుకున్నప్పుడు, మాకు ఇబ్బందిగా ఉంది, హెచ్చరిక వెనక దాచండి అని తెల్లవాళ్లు అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్లలో చాలామంది తమను తాము అభ్యుదయవాదులనే అనుకుంటారు. బాధ చెప్పుకోవడం కూడా మర్యాద తప్పడం అయిపోతే ఇక ఆ చోటు ఎవరిది? అనేకులు వెళ్లిపోయారు.

కుల ప్రస్తావన తెచ్చినవాళ్లే కులం పెంచుతున్నారన్న మాట విన్న తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2019లో నీలి టిక్కు గొడవ వచ్చినప్పుడూ వినిపించింది ఇదే వాదన.

దీనికి బదులుగా కొందరు చేసిన పని చూడండి. రూడీ ఫ్రేజర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 2023లో బ్లూస్కైలో నల్లజాతివాళ్ల కోసం ‘బ్లాక్‌స్కై’ అనే ఫీడ్ మొదలుపెట్టారు. తరవాత సొంత మోడరేటర్లను, ఆపై సొంత సర్వర్లను కూడా సమకూర్చుకున్నారు. అంటే మెయిన్ వీధిలో ఉంటూనే తమ నియమాలు తాము రాసుకున్నారు. జాతివివక్షను వేధింపుగా ఎప్పుడు లెక్కగట్టాలో తమకు తెలిసినవాళ్ల చేతుల్లో పెట్టుకున్నారు. బయటివాళ్లు ఆ ఫీడ్ చదవచ్చు. కొత్త గొంతులను తీసుకురావడమంటే పిలిచి కుర్చీ వేయడమే కాదు, నియమం రాసే కలం కూడా ఇవ్వాలని బ్లాక్‌స్కై చూపించింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించిన ప్రయత్నం అదే.

> ఎదుటిపక్షం మాట వింటే మారతామా?
>
> 2017లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ బెయిల్ బృందం అమెరికాలో ట్విటర్ వాడే డెమోక్రాట్లు, రిపబ్లికన్లను ఎంచుకుంది. కొంత డబ్బిచ్చి, ఎదుటి పార్టీ నాయకుల మాటలు రోజుకు 24 చొప్పున పంచుకునే ఖాతాను నెల రోజులు ఫాలో అవమంది. నెల తరవాత చూస్తే రిపబ్లికన్లు ఇంకా గట్టి సంప్రదాయవాదులయ్యారు. డెమోక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఎదుటి పక్షం నాయకుల నినాదాలు చెవిన పడినంత మాత్రాన మనసు మెత్తబడదన్నమాట.

కాపలాదారుకు జీతం లేదు

ఈ సర్వర్లలో ఎక్కువ భాగం పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిపూట ఫిర్యాదులు చదివే మామూలు మనుషులు నడుపుతున్నవే. 2023లో, దాదాపు 12 వేలమంది వాడుతున్న ఒక మాస్టోడాన్ సర్వర్‌ను దాని నిర్వాహకుడు మూసేశారు. హ్యారీ పోటర్ వీడియోగేమ్ మీద రెండు పక్షాలు కొట్టుకుంటుంటే మధ్యలో తిట్లన్నీ ఆయన మీద పడ్డాయి. డబ్బు తన జేబులోంచి, సమయం తనది, తిట్లూ తనకే. ఇంకెన్నాళ్లు భరిస్తారు? పిల్లల మీద లైంగిక అకృత్యాల చిత్రాలను పసిగట్టే సాధనాలు చిన్న సర్వర్లకు చాలినన్ని లేవని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు హెచ్చరించారు. భిన్నాభిప్రాయానికి చోటు కావాలని కోరుకునేవాళ్లు ఆ చోటును ఊడ్చేవాళ్ల ఖర్చు కూడా తలా కాస్త పంచుకోవాలి.

ప్రభుత్వాల ఒత్తిడి ఇంకో పక్క. 2024 ఆగస్టు 30న బ్రెజిల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి అలెగ్జాండర్ డి మొరాయిస్ ఎక్స్‌ను దేశమంతా ఆపించారు. కొద్ది రోజుల్లోనే 20 లక్షలకు పైగా కొత్తవాళ్లు బ్లూస్కైలో చేరారు, అందులో అత్యధికులు బ్రెజిల్‌వాళ్లే. అక్టోబరు 8న ఎక్స్ తిరిగి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో తుర్కియే ప్రభుత్వం అడిగితే బ్లూస్కై కొన్ని ఖాతాలను ఆ దేశంలో కనబడకుండా చేసింది. అయితే అవే పోస్టులు బయటివాళ్లు తయారుచేసిన యాప్‌లలో కనిపిస్తూనే ఉన్నాయి. తలుపు ఒకటే ఉంటే తాళం ఒకటి చాలు. పది ఉన్నప్పుడు పదింటికీ తాళం వేయాలి. వికేంద్రీకరణ వల్ల పౌరుడికి దక్కే ఖాయమైన లాభం ఇదొక్కటే అయినా, దాన్ని తక్కువగా చూడకూడదు.

మన దేశంలో 2021 ఐటీ నిబంధనలు 50 లక్షలకు పైగా సభ్యులున్న సంస్థల మీద అదనపు బాధ్యతలు పెట్టాయి. చిన్న సర్వర్‌కు అవి వర్తించవు. కానీ ఫిర్యాదులు తీసుకునే అధికారిని పెట్టడం, చట్టబద్ధమైన ఆదేశం వస్తే తొలగించడం వంటివి దానికీ తప్పవు. సర్వర్ పెట్టాలనుకునే తెలుగువాళ్లు ముందుగా ఒక లాయర్‌తో మాట్లాడటం మంచిది.

మనం చేయగలిగింది

రాజకీయాల్లో నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు ఒక పని చేయండి. మాస్టోడాన్‌లోనో, లెమ్మీలోనో, బ్లూస్కైలోనో ఖాతా తెరవండి. నియమాల పేజీ, దూరం పెట్టినవారి పట్టిక చదివాకే సర్వర్ ఎంచుకోండి. మీతో ఏకీభవించని సర్వర్ ఒకటి వెతికి, అక్కడ నినాదాలిచ్చే నాయకులను కాకుండా తమ ఊరి సంగతులు, తమ పని గురించి రాసుకునే మామూలు మనుషులను ఫాలో అవండి. వాదించాలన్న తొందర వద్దు, ముందు కొన్నాళ్లు చదవండి.

వ్యక్తులతో అయ్యేది కొంతే, సంస్థలు కదలాలి. జర్మనీ ఫెడరల్ ప్రభుత్వ విభాగాలు, నెదర్లాండ్స్ ప్రభుత్వం తమ సొంత మాస్టోడాన్ సర్వర్లు పెట్టుకున్నాయి. 2023లో బీబీసీ కూడా ప్రయోగాత్మకంగా ఒకటి మొదలుపెట్టింది. మనకు శక్తి లేక కాదు. 2003 నుంచి తెలుగు వికీపీడియాను జీతం లేని వలంటీర్లే నడుపుతున్నారు. అక్కడ ఏ వాక్యం ఎందుకు తీసేశారో చర్చాపేజీలో తెలుగులోనే రాస్తారు, వాదించుకుంటారు, ఒక ఒప్పందానికి వస్తారు. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు ఇరవై ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద విద్యార్థులకు శిక్షణ ఇస్తున్నాయి.

ఒక తెలుగు విశ్వవిద్యాలయం జర్నలిజం శాఖ, ఒక పత్రిక, ఒక స్వచ్ఛంద సంస్థ కలిస్తే తెలుగులో నడిచే సర్వర్ పెట్టడం కష్టమేమీ కాదు. దాని నియమాలు రాసేటప్పుడు రెండు రాష్ట్రాలవాళ్లూ, దళిత బహుజనులూ, మైనారిటీలూ, ఆడవాళ్లూ ఆ గదిలో ఉండాలి. ఎవరి పోస్టు తీసేసినా ఎందుకో తెలుగులో, అందరికీ కనిపించేలా రాయాలి. ముందుకొచ్చే సంస్థ ఏదైనా సరే, దాని ఖర్చుకు నెలకింతని పంపడానికి మనం కూడా సిద్ధంగా ఉండాలి.